బోర్డు మారేదాకా పాత స్పీడే

వార్త చూసిన రోజు నిజంగా సంతోషమేసింది. నేను వారానికి రెండుసార్లు వెళ్ళొచ్చే హైవే మీద కార్ల స్పీడ్ లిమిట్ 80 నుంచి 100కి పెంచుతున్నారని. తిన్నటి రోడ్డు, వెడల్పుగా ఉంటుంది, మధ్యలో డివైడర్, పక్కన సర్వీస్ రోడ్డు, ఎదురుగా బండి వస్తుందన్న భయమే లేదు, అలాంటి రోడ్డు మీద 80 దాటకుండా కాలు బిగబట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో రోజూ నడిపేవాళ్ళకే తెలుస్తుంది. లెక్క కూడా వేసుకున్నా, నేను వెళ్ళే దూరం 60 కిలోమీటర్లు, 80లో అయితే 45 నిమిషాలు, 100లో అయితే 36. ట్రిప్పుకి తొమ్మిది నిమిషాలు మిగులుతాయి. వారానికి నాలుగు ట్రిప్పులు అనుకుంటే అరగంట పైనే.

అది జరిగి ఎనిమిది నెలలైంది. బోర్డుల మీద ఇంకా 80యే ఉంది.

దీని గురించి ఇన్నాళ్ళూ ఏమీ రాయలేదు, రేపో మాపో మారుస్తారులే అనుకుంటూ వచ్చా. కానీ పోయిన నెల మా బావకి చలాన్ వచ్చాక ఇక ఊరుకోబుద్ధి కాలేదు. ఆయన అదే రోడ్డు మీద 96లో వెళ్తుంటే కెమెరా పట్టుకుంది. ఆయన దూకుడుగా నడిపే మనిషి కాదు, ఇరవై ఏళ్ళుగా బండి నడుపుతున్నాడు, ఒక్క చలాన్ లేదు. "పెంచారు కదరా, పేపర్లో నువ్వే చూపించావు కదా" అన్నాడు నాతో. నిజమే, చూపించింది నేనే. చలాన్లు చూసే ఆఫీసుకి వెళ్ళి అడిగితే బోర్డు మీద ఎంతుందో అదే లెక్క అన్నారట. రూల్ ప్రకారం వాళ్ళు చెప్పింది కరెక్టే, అందులో నాకు వాదన లేదు. కానీ ఆ వార్త చదివిన మామూలు మనిషికి ఆ విషయం ఎవరు చెప్పారు?

మన హెడ్డింగుల్లో ఒక అలవాటుంది, "స్పీడ్ లిమిట్ పెంపు" అని వేస్తారు. పెంపు అంటే పెంచేశారా, పెంచుతున్నారా, పెంచాలని అనుకుంటున్నారా? మూడింటికీ అదే మాట. కింద వార్త మొత్తం చదివితే ఎక్కడో చివర్లో "త్వరలో అమల్లోకి" అని ఉంటుంది. ఆ త్వరలో అన్నదానికి తేదీ ఉండదు. నేనూ ఆ రోజు చివరిదాకా చదవలేదు, చదివుంటే బావకి అలా చెప్పేవాణ్ణి కాదు.

చలాన్ సంగతి పక్కన పెడితే నన్ను ఎక్కువ భయపెడుతున్నది రోడ్డు మీద జరుగుతున్నది. ఇప్పుడు ఆ హైవే మీద రెండు రకాల డ్రైవర్లు ఉన్నారు, బోర్డు చూసి 80లో వెళ్ళేవాళ్ళు, వార్త చూసి 100, 110లో వెళ్ళేవాళ్ళు. ఇద్దరూ తమదే కరెక్ట్ అనుకుంటున్నారు. నేను 80లో ఓవర్‌టేక్ లేన్‌లోకి మారాలంటే అద్దంలో చూస్తా, వెనక కారు ఒక వంద మీటర్ల దూరంలో కనపడుతుంది, అది 105లో వస్తుంటే తేడా 25, అంటే నన్ను చేరడానికి పద్నాలుగు సెకన్లు పడుతుంది, మారడానికి టైమ్ ఉంది. అదే 120లో వస్తుంటే తొమ్మిది సెకన్లే. అద్దంలో చూసి 105కీ 120కీ తేడా కనిపెట్టడం ఎవరి వల్లా కాదు. నేను మారాక వెనకవాడు హై బీమ్ కొడతాడు, హారన్ కొడతాడు, కిటికీ దించి ఏదో అంటాడు కూడా. వాడి దృష్టిలో లిమిట్ 100, నేను 80లో వెళ్తూ దారికి అడ్డం పడ్డవాణ్ణి. మొన్నామధ్య ఒకతను అలాగే విసుగొచ్చి రెండు లారీల మధ్యలోంచి తప్పించుకుని ముందుకెళ్ళాడు, నా పక్క సీట్లో మా అమ్మ ఉంది, ఆమె డాష్‌బోర్డ్ పట్టుకుని అలాగే ఉండిపోయింది, మేం దిగేదాకా చెయ్యి తీయలేదు.

అప్పట్నుంచి దీని గురించి దొరికిందల్లా చదువుతున్నా. అసలు ఒక నంబర్ మార్చడానికి ఇంత టైమ్ ఎందుకు పడుతుందన్నది నా మొదటి ప్రశ్న. చదివినకొద్దీ కొంచెం కోపం తగ్గింది, కొంచెం వేరే చోటికి మళ్ళింది.

తగ్గింది ఎందుకంటే బోర్డు మార్చడం అన్నింటికంటే ఆఖరి పని, దానికి ముందు చాలా ఉంది. ముందుగా బ్రేక్ దూరం తీసుకోండి. డ్రైవర్ ఏదో చూసి, అది అర్థమై, బ్రేక్ మీద కాలు వేసేదాకా రెండున్నర సెకన్లు అని ఇంజనీర్లు లెక్క వేసుకుంటారు. 100లో వెళ్ళే బండి ఆ రెండున్నర సెకన్లలోనే 70 మీటర్లు వెళ్ళిపోతుంది, తర్వాత బ్రేక్ పట్టి ఆగడానికి ఇంకో 115 దాకా, మొత్తం 185 మీటర్లు. 120కి వచ్చేసరికి అది 250 మీటర్లు అవుతుంది. స్పీడ్ పెరిగింది ఐదో వంతే, ఆగే దూరం మాత్రం మూడో వంతు పైగా పెరిగింది. అంటే ప్రతి వంపు దగ్గరా, ప్రతి మిట్ట దగ్గరా ఆ 250 మీటర్లు ముందుకి కనపడుతుందా లేదా అని చూడాలి. మిట్ట అవతల బండి ఆగిపోయి ఉంటే పైకెక్కేదాకా తెలియని చోటు ఒక్కటున్నా ఆ ముక్కకి లిమిట్ పెంచకూడదు, లేదా రోడ్డునే సరిచేయాలి. తర్వాత పక్క నుంచి వచ్చి కలిసే ర్యాంపులు, అక్కడ బండి హైవే స్పీడ్ అందుకోవడానికి సరిపడా పొడవు ఉండాలి, 80కి సరిపోయిన ర్యాంపు 100కి సరిపోదు. పక్కన రైలింగులు కూడా అంతే. అమెరికాలో హైవేల పక్కన పెట్టే రైలింగ్‌కి మామూలుగా చేసే క్రాష్ టెస్ట్ 100 కిలోమీటర్ల స్పీడ్‌లో, 25 డిగ్రీల కోణంలో కారుని గుద్దించి చేస్తారు. అంతకు మించి స్పీడ్‌లో తగిలితే అది ఎలా ఆపుతుందన్నది ఆ టెస్ట్ చెప్పదు.

ఇంకో పద్ధతి ఉంది, ట్రాఫిక్ ఖాళీగా ఉన్న టైమ్‌లో బండ్లు ఎంత స్పీడ్‌లో వెళ్తున్నాయో కొలిచి, నూటికి 85 మంది ఏ స్పీడ్‌కి లోపల ఉన్నారో చూసి దాని దగ్గర్లో లిమిట్ పెట్టడం. అమెరికాలో చాలాకాలంగా ఇదే నడుస్తోంది. చాలామంది తెలివిగా, జాగ్రత్తగానే నడుపుతారన్న నమ్మకం మీద కట్టిన పద్ధతి ఇది. నాకు ఇందులో సగమే నమ్మకం. లిమిట్ పెంచితే జనం ఇంకాస్త పెంచుతారు, మళ్ళీ కొలిస్తే 85 మంది స్పీడ్ పైకెళ్ళి ఉంటుంది, మళ్ళీ పెంచాలా? దీనికి అంతెక్కడ? జనం వెళ్తున్న స్పీడ్ తెలుసుకోవడం అవసరమే, కానీ నిర్ణయం దాని మీదే వదిలేయకూడదు.

ఇవన్నీ అయ్యాక ఉత్తర్వు రావాలి, కెమెరాల్లో నంబర్ మార్చాలి, పైన గ్యాంట్రీలకి, అంటే రోడ్డుకి అడ్డంగా కట్టిన ఇనుప చట్రాలకి, ఉన్న పెద్ద బోర్డులు మార్చాలంటే రాత్రిపూట లేన్ మూసి క్రేన్ పెట్టాలి, మ్యాప్ యాప్‌లలో మారాలి. ఇప్పుడు కొన్ని కార్లు కెమెరాతో బోర్డు చదివి స్క్రీన్ మీద లిమిట్ చూపిస్తున్నాయి కదా, యాప్ ఒకటి చెప్పి, కారు ఒకటి చెప్పి, వార్త ఇంకొకటి చెబితే నడిపేవాడు ఎవర్ని నమ్మాలి?

వేరే దేశాల్లో ఎలా జరిగిందో చూస్తుంటే నాకు బాగా ఆశ్చర్యం కలిగించినది కెనడాలోని అంటారియో సంగతి. అక్కడ పెద్ద హైవేల మీద 1976కి ముందు లిమిట్ గంటకి 70 మైళ్ళు, అంటే 113 కిలోమీటర్లు. ఆయిల్ కొరత రోజుల్లో ఇంధనం పొదుపు కోసం 60 మైళ్ళకి దించారు, మరుసటి ఏడు కిలోమీటర్లకి మారినప్పుడు అది 100 అయింది. ఆయిల్ కొరత పోయింది, 100 మాత్రం ఉండిపోయింది. 2019 సెప్టెంబర్‌లో మూడు ముక్కల మీద 110 పెట్టి ట్రయల్ మొదలుపెట్టారు. 2022 ఏప్రిల్‌లో ఆరు ముక్కల మీద పర్మనెంట్ చేశారు. 2024 జూలైలో ఇంకొన్ని ముక్కలు చేర్చారు. తాత్కాలిక అవసరం కోసం దించిన నంబర్ దగ్గర్లోకి, అది కూడా కొన్ని రోడ్ల మీదే, తిరిగి రావడానికి నలభై ఆరేళ్ళు పట్టింది. ఒక తరం మొత్తం డ్రైవింగ్ నేర్చుకుని, ఉద్యోగం చేసి, రిటైర్ అయిపోయుంటుంది ఈ లోపు.

అమెరికాలో కూడా అంతే, 1974 జనవరిలో దేశం మొత్తానికి 55 మైళ్ళ లిమిట్ చట్టం మీద అధ్యక్షుడు నిక్సన్ సంతకం పెట్టాడు, కారణం అదే ఆయిల్. కొన్ని నెలల్లోనే దేశమంతా దిగింది. ఊళ్ళకి దూరంగా ఉన్న ఇంటర్‌స్టేట్ రోడ్ల (రాష్ట్రాలని కలిపే పెద్ద హైవేల) మీద 65 దాకా పెట్టుకోవచ్చని 1987లో అన్నారు, మొత్తం ఎత్తేసింది 1995 చివర్లో. ఇప్పుడు టెక్సాస్‌లో 85 మైళ్ళ రోడ్డు ఒకటుంది, 2012లో మొదలైంది, అది 137 కిలోమీటర్ల దాకా అవుతుంది.

నెదర్లాండ్స్ 2012లో మోటార్‌వేల మీద 130కి పెంచింది, 2020 మార్చిలో నైట్రోజన్ కాలుష్యం వల్ల పగటిపూట దేశమంతటా 100కి దించేసింది, ఆ దించడానికి బోర్డుల పని కొన్ని రాత్రుల్లో అయిపోయింది. మళ్ళీ 130 అన్నప్పుడు, 2025లో, కొద్ది ముక్కలకే పరిమితమైంది. దించడం ఒకేసారి, పెంచడం ముక్కముక్కగా. మూడు దేశాల్లోనూ ఇదే వరస.

మొదట ఇది అన్యాయం అనిపించింది. ఆలోచిస్తే న్యాయమే ఉంది. దించినప్పుడు రోడ్డు ఇంకా సేఫ్ అవుతుందే తప్ప చెడిపోదు, అందుకని ముక్కముక్కకీ పరీక్ష అక్కర్లేదు. పెంచేటప్పుడు ప్రతి ముక్క దగ్గరా ఇది తట్టుకుంటుందని చూపించాలి. తట్టుకోలేని చోట పెంచితే ఏమవుతుందో కెనడాలోనే ఇంకో రాష్ట్రం బ్రిటిష్ కొలంబియాలో జరిగింది. 2014లో అక్కడ 33 ముక్కల మీద, దాదాపు 1,300 కిలోమీటర్లు, లిమిట్లు పెంచారు, కొండల్లో వెళ్ళే కోకిహల్లా హైవే మీద 120 దాకా. లిమిట్ పెరిగిన రోడ్ల మీద ప్రాణాలు పోయిన యాక్సిడెంట్లు రెట్టింపు దాటాయని అక్కడి యూనివర్సిటీ వాళ్ళ స్టడీలో తేలింది. 2018 చివర్లో 15 ముక్కల మీద, 570 కిలోమీటర్ల మేర, మళ్ళీ దించాల్సి వచ్చింది. నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళలో పోయినవాళ్ళు తిరిగి రారు కదా, వాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళకి ఆ బోర్డు మీద నంబర్ ఎప్పటికీ గుర్తుంటుంది.

స్వీడన్‌కి చెందిన నిల్సన్ అనే ఆయన కట్టిన లెక్క ఒకటి రోడ్ సేఫ్టీ వాళ్ళందరూ వాడతారు, రోడ్డు మీద సగటు స్పీడ్ ఒక శాతం పెరిగితే ప్రాణాలు పోయే యాక్సిడెంట్లు సుమారు నాలుగు శాతం పెరుగుతాయని. అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీల డబ్బుతో నడిచే హైవే సేఫ్టీ సంస్థ 2019లో లెక్క వేసింది, 1993 నుంచి 2017 దాకా రాష్ట్రాలు లిమిట్లు పెంచుకుంటూ పోవడం వల్ల దాదాపు 37,000 మంది అదనంగా చనిపోయారని. ఈ నంబర్ చదివిన రోజు నా తొమ్మిది నిమిషాల లెక్క నాకే చిన్నగా అనిపించింది. నేను ఇప్పటికీ ఆ హైవే మీద 100 ఉండాలనే అంటాను, ఆ రోడ్డు దానికి తగ్గట్టు కట్టిందే, కానీ పెంచండి అని ఊరికే అరిచేవాళ్ళతో మాత్రం చేరను. ఎక్కడ పెంచాలో అక్కడే, చూసి పెంచాలి.

ఇండియాలో జరిగింది కూడా చెప్పాలి. 2018 ఏప్రిల్‌లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది, ఎక్స్‌ప్రెస్‌వేల మీద కార్లకి 120, డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్ల మీద 100. అది గరిష్ఠ పరిమితి మాత్రమే. మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ ప్రకారం రాష్ట్రం తన రోడ్ల మీద అంతకంటే తక్కువ పెట్టుకోవచ్చు. అందుకని కేంద్రం 100 అన్న రోడ్డు మీదే 80 బోర్డు ఉండొచ్చు, ఆ బోర్డే చెల్లుతుంది. తర్వాత 2021లో మద్రాస్ హైకోర్టు ఒక యాక్సిడెంట్ నష్టపరిహారం కేసులో ఆ 2018 నోటిఫికేషన్‌నే కొట్టేసింది. పైన ఒక నంబర్, కింద ఇంకో నంబర్, మధ్యలో కోర్టు, నడిపేవాడికి మాత్రం ఎవరూ ఒక్క ముక్క చెప్పరు. నాకు కోపం మళ్ళింది అని పైన అన్నానే, ఇక్కడికే మళ్ళింది. పరీక్షలకి టైమ్ పట్టనివ్వండి, ఏడాది పట్టినా పర్లేదు, కానీ ఎంతవరకు వచ్చిందో చెప్పకుండా, తేదీ ఇవ్వకుండా, జనాన్ని వార్తకీ బోర్డుకీ మధ్య వదిలేయడానికి ఏ ఇంజనీరింగ్ కారణమూ లేదు.

బాగా చేసినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. ఐర్లండ్ 2005 జనవరి 20న మైళ్ళ నుంచి కిలోమీటర్లకి మారింది. మోటార్‌వేల లిమిట్ 70 మైళ్ళ నుంచి 120 కిలోమీటర్లకి వెళ్ళింది, అంటే ఏడు కిలోమీటర్లు పెరిగినట్టే. చిన్న రోడ్ల మీద దించారు, 60 మైళ్ళున్న చోట 80 కిలోమీటర్లు అయింది. దేశంలో ప్రతి స్పీడ్ బోర్డూ మారాలి. వాళ్ళు ముందే బోర్డులు నిలబెట్టి కవర్లు కప్పి ఉంచారు, నెలల ముందు నుంచీ తేదీ అందరికీ చెబుతూ వచ్చారు, ఆ రోజుకి కవర్లు తీసేశారు. స్వీడన్ అయితే 1967 సెప్టెంబర్ 3 తెల్లవారుజామున ఐదు గంటలకి బండ్లు నడపడం ఎడమ పక్క నుంచి కుడి పక్కకి మార్చేసింది, దేశం దేశమే, దాదాపు 3,60,000 బోర్డులు. దాని వెనక నాలుగేళ్ళ తయారీ ఉంది, 1963లోనే పార్లమెంట్ ఒప్పుకుంది. నాలుగేళ్ళు పట్టిందని అక్కడ ఎవరూ అయోమయంలో పడలేదు, ఎందుకంటే ఏ రోజు ఏ గంటకి ఏం మారుతుందో పిల్లలక్కూడా తెలుసు. ఆలస్యం, అయోమయం రెండూ ఒకటి కాదు. ఐరిష్ వాళ్ళు చేసింది నాకు ఇంకా నచ్చింది ఎందుకంటే కొన్ని చోట్ల పెంచారు, కొన్ని చోట్ల దించారు, రెండూ ఒకే రోజు.

బ్రిటన్ సంగతి కూడా ఒకమాట, 2011లో మోటార్‌వేల మీద 70 మైళ్ళ లిమిట్‌ని 80 చేస్తామని అప్పటి రవాణా మంత్రి ప్రకటించారు, రెండేళ్ళ తర్వాత ఆ ఆలోచన పక్కన పెట్టేశారు. అలా పక్కన పెట్టినా నాకు అభ్యంతరం లేదు. వద్దనుకుంటే వద్దనుకున్నాం అని చెప్పడం కూడా ఒక సమాధానమే, జనం పాత లిమిట్‌లోనే నిశ్చింతగా ఉంటారు.

మా రోడ్డు విషయంలో దాన్ని చూసుకునే ఆఫీసుని నేను రాతపూర్వకంగా మూడు అడిగా, ఏయే ముక్కలకి పరీక్ష అయిపోయింది, ఏ తేదీ నుంచి కొత్త లిమిట్, ఆ తేదీకి ముందు కెమెరాలు ఏ నంబర్ మీద ఉంటాయి. ఇంకోటి కూడా రాశా, ఒక ముక్క మీద మార్చేటప్పుడు రెండు వైపులా, అన్ని బోర్డులూ ఒకే రాత్రి మార్చండి, ఐదు కిలోమీటర్లకి ఒకసారి 80, మళ్ళీ 100, మళ్ళీ 80 అని పెడితే ఇప్పుడున్న దానికంటే ఘోరం అవుతుంది, బ్రేకులు వేసుకుంటూ వెళ్ళే బండ్ల వెనక గుద్దుకుంటారని. లారీలకి ఎంతో అది కూడా పక్కనే వేరే బోర్డు మీద వేయమని రాశా, ఎందుకంటే కార్లకి పెరిగి లారీలకి పెరగకపోతే ఆ తేడా రోజూ ఉండేదే, దానికి డ్రైవర్లు అలవాటు పడాలంటే ముందు అది తెలియాలి. జవాబు ఇంకా రాలేదు.

బావ చలాన్ కట్టేశాడు. ఇప్పుడు 80 దాటట్లేదు, వెనక ఎవరు హారన్ కొట్టినా సరే. మా అమ్మ మాత్రం ఆ రోజు తర్వాత రెండు నెలల దాకా కారెక్కి హైవే మీదికి రాలేదు.

పోయిన శనివారం వెళ్తుంటే ఒక ఫ్లైఓవర్ దిగాక కొత్త స్తంభం కనపడింది. కొత్త బోర్డు, నల్ల కవర్ కప్పి తాళ్ళతో కట్టారు. చూడగానే ఎంత ఊరట కలిగిందో చెప్పలేను, ఎవరో పని చేస్తున్నారు, అదీ సరైన పద్ధతిలో చేస్తున్నారు. కానీ దగ్గరికి వెళ్ళేసరికి గాలికి కవర్ ఒక మూల చిరిగి ఉంది, లోపల 100 అన్న నంబర్‌లో ఒకటీ, మొదటి సున్నా బయటికి కనపడుతున్నాయి, ఒక రెండొందల మీటర్ల అవతల పాత 80 బోర్డు అలాగే ఉంది. నా ముందు వెళ్తున్న కారు అది చూసే అనుకుంటా, ఒక్కసారిగా స్పీడ్ పెంచింది. నేను 80లోనే వెళ్ళి, అక్కడి కిలోమీటరు రాయి మీద నంబర్ గుర్తుపెట్టుకుని, తర్వాత ఆగిన చోట రాసుకున్నా. రేపు ఆఫీసు తెరవగానే ఫోన్ చేసి, ఆ కవర్ సరిగ్గా కట్టమని చెప్పాలి.